యూరోపా పటం గీయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గురుగ్రహపు ఉపగ్రహమైన యూరోపా మంచు నేలకు భూవిజ్ఞాన పటం గీయడాన్ని పరిశోధనాంశంగా ఎంచుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. జీవితమంతా రాళ్ళ మధ్య గడిపినవాడిగా నీకు గట్టిగా చెప్పదలచినది ఒక్కటే. ఏ చీలిక ముందు పుట్టిందో, ఏది తరువాత పుట్టిందో తేలేవరకు, అది ఎందుకు పుట్టిందన్న ప్రశ్న జోలికి వెళ్ళవద్దు.

హైదరాబాదు పరిసరాల్లో గ్రానైటును కోసుకుంటూ పోయే డోలరైట్ డైకు (పగులులోకి చొరబడి గడ్డకట్టిన నల్లరాతి గోడ) ఆ గ్రానైటు కంటే వయసులో చిన్నదని నీకు తెలుసు. యూరోపాలోనూ సూత్రం అదే, కాకపోతే అక్కడ దాని అవసరం మరింత ఎక్కువ. ఆ నేల మొత్తం సగటు వయసు 4 నుంచి 9 కోట్ల ఏళ్ళని అంచనా వేస్తున్నారు. అంత కొత్త నేల మీద ఉల్కాబిలాలు తక్కువ కనుక, వాటిని లెక్కించి పక్కపక్కనున్న రెండు గట్లలో ఏది పాతదో తేల్చడం సాధ్యం కాదు. కాబట్టి ఒక గీత మరొక గీతను కోసే కూడళ్ళే నీకు ఆధారం. అయితే ఒకే చీలిక పలుమార్లు తెరుచుకొని ఉండవచ్చు కనుక, ఒక కూడలిలో వచ్చిన తీర్పును ఆ గీత పొడవునా రుద్దకుండా, ప్రతి కూడలిని విడిగా చూసి నమోదు చెయ్యి.

చిత్రాల విషయంలో జాగ్రత్త. యూరోపాను దగ్గరగా చిత్రించిన గెలీలియో అంతరిక్ష నౌక ప్రధాన యాంటెనా పూర్తిగా విచ్చుకోనందున అది పంపగలిగిన చిత్రాలు తక్కువ. వివరంగా కనిపించే ప్రాంతం కొద్దిపాటిదే. సూర్యుడు క్షితిజానికి దగ్గరగా ఉన్నప్పుడు తీసిన చిత్రంలో ఎత్తుపల్లాలు, నడినెత్తిన ఉన్నప్పుడు తీసినదానిలో రంగు తేడాలు కనిపిస్తాయి. వెలుతురు దిశకు సమాంతరంగా సాగే గట్లు దాదాపు మాయమవుతాయి. ఒక దిశలో చీలికలు లేవని రాసేముందు ఎండ ఎటునుంచి పడిందో చూసుకో.

చీలిక విచ్చుకొని వెడల్పైన చోట కనిపించే పట్టీల దగ్గర ఎక్కువ సమయం గడుపు. వాటి రెండు అంచులను దగ్గరకు జరిపితే పాత గీతలు తిరిగి కలుస్తాయి. అంటే మధ్యనున్నది కొత్తగా ఏర్పడిన నేల. యూరోపా అంతగా ఉబ్బలేదు కనుక, మరెక్కడో నేల తరిగి ఉండాలి. 2014లో సైమన్ కాటెన్‌హార్న్, లూయిస్ ప్రాక్టర్ అనే శాస్త్రవేత్తలు ఒక ప్రాంతపు ముక్కలను వెనక్కి జరిపి చూస్తే దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల నేల లెక్కకు రాలేదు. ఒక మంచు పలక పొరుగు పలక కిందికి దిగిందని వారు ప్రతిపాదించారు. అది నాకు ఎంతో నచ్చిన ఆలోచనే అయినా, నీ పటంలో అటువంటి సరిహద్దును, ఇంకా రుజువు కాలేదనడానికి గుర్తుగా, తెగిన గీతతోనే చూపించు.

ఇదంతా అయ్యాకే కారణాల వైపు రా. 3.55 రోజులకొకసారి గురుగ్రహాన్ని చుట్టివచ్చే యూరోపా కక్ష్య కాస్త కోలగా ఉండటంవల్ల గురుగ్రహపు ఆకర్షణ మంచు పెంకును లాగి వదులుతుంటుంది; విల్లుల వరుసలా వంగిన చీలికలకు ఆ ఒత్తిడి దిశ గంటగంటకూ మారడమే కారణమని చెబుతారు. ఆ లెక్కను నీ కాలక్రమంతో పోల్చు, కాలక్రమాన్ని మాత్రం దానికోసం సవరించవద్దు.

నాసా వారి యూరోపా క్లిప్పర్ నౌక 2030లో గురుగ్రహాన్ని చేరవలసి ఉంది. కొత్త చిత్రాలు వచ్చినప్పుడు నీ పటాన్ని ఎవరైనా సరిచూడగలిగేలా, చూసినదానిని ఒక పొరలోను, ఊహించినదానిని మరొక పొరలోను ఉంచు. మొదటి భాగం పూర్తికాగానే కూడళ్ళ పట్టికతో సహా నాకు పంపు.