పాఠకుల ప్రశ్నలు: ఘాట్ రోడ్డు మీద తిరిగిన పాత టర్బో కారు

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా జయపురం. మా అబ్బాయి రోజూ ఘాట్ ఎక్కి కోరాపుట్‌లో ఉద్యోగానికి వెళ్ళి రావలసి ఉండడంతో, 2014లో కొన్న ఒక డీజిల్ టర్బో కారును చూశాము. మీటరు లక్షా ముప్పై వేల కిలోమీటర్లు చూపిస్తోంది. నిరుడే కొత్త టర్బో వేయించామని, ఇక ఇంజన్ గురించి దిగులు పడనక్కరలేదని యజమాని చెబుతున్నారు. ఆ మాట మీద కొనవచ్చునా? ఏమేమి చూసుకోవాలి?

జవాబు: కొత్త టర్బో వేయించామన్న మాట విని నిశ్చింత పడకండి, పాతది ఎందుకు పోయిందని అడగండి. టర్బో అంటే ఇంజన్ పొగ ఊపుతో తిరుగుతూ లోపలికి అదనపు గాలిని నెట్టే పంపు; అది తనంతట తానుగా పాడవడం అరుదు. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే దాని ఇరుసు, పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్ మురికిపట్టినా, తగ్గినా, సన్నని గొట్టంలో మడ్డి పేరుకొని అందడం ఆలస్యమైనా ఇరుసూ బేరింగులూ అరిగిపోతాయి. ఆ కారణాన్ని సరిచేయకుండా కొత్తది బిగిస్తే అది కూడా కొద్ది నెలలలోనే పాతదాని దారి పడుతుంది. అందుచేత రసీదు చూపించమనండి. టర్బోకు ఆయిల్ అందించే గొట్టాన్ని మార్చారా, ఆయిల్ చాంబర్ విప్పి లోపలి జాలీని కడిగారా, టర్బో పంపే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో చేరిన పాత ఆయిల్‌నూ లోహపు ముక్కలనూ శుభ్రం చేశారా అన్నవి అందులో కనిపించాలి. టర్బో ధర ఒక్కటే రాసి ఉంటే, నేనైతే ఆ కారు టర్బోను ఇంకా అనుమానంలోనే ఉంచి బేరమాడతాను.

కారును చూడడానికి తెల్లవారుజామున వెళ్ళండి. మీరు వచ్చేవరకు ఇంజన్ స్టార్ట్ చేయవద్దని ముందురోజే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అది వెచ్చగా ఉంటే ఆ రోజు పరీక్ష వాయిదా వేసుకోవడం మేలు, ఎందుకంటే చల్లటి ఇంజన్ దాచలేని పొగనూ చప్పుళ్ళనూ వేడెక్కిన ఇంజన్ దాచేస్తుంది. స్టార్ట్ చేయకముందే ఆయిల్ పుల్ల తీసి చూడండి. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లగా ఉండడం తప్పు కాదు, మార్చిన కొన్నాళ్ళకే అలా అవుతుంది. అయితే మట్టం పై గీతను దాటి, డీజిల్ వాసన వేస్తుంటే ఆయిల్‌లో ఇంధనం కలుస్తున్నదని అర్థం. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లని పూత దట్టంగా ఉంటే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీరు) కలుస్తున్నదేమో పరీక్షించాలి. చలికాలంలో దగ్గరి దూరాలకే తిరిగిన బండిలో చెమ్మ వల్ల కొద్దిపాటి పూత ఏర్పడుతుంది, కనుక ఆ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకండి.

స్టార్ట్ అయ్యాక పొగను చూడండి. నీలం పొగ ఆయిల్ కాలుతున్నదని చెబుతుంది, ఒత్తి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వచ్చే దట్టమైన నల్ల పొగ గాలి చాలడం లేదని చెబుతుంది. నాలుగైదు నిమిషాలు ఊరికే నడవనిచ్చి, ఆపై ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కినప్పుడు నీలం పొగ గుప్పున వస్తే టర్బోలో ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళను అనుమానించాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూతను మెల్లగా వదులు చేయించండి. పొగ ఉధృతంగా తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే, అప్పుడు టర్బో మాట అటుంచి ఇంజన్ పనికే డబ్బు సిద్ధం చేసుకోవాలి.

ఇంజన్ ఆపి చల్లారిన తరువాత, మెకానిక్ చేత టర్బోకు గాలి వెళ్ళే గొట్టాన్ని విప్పించండి. లోపల తడిచెయ్యి పెట్టినట్టు పలుచని ఆయిల్ జిడ్డు ఉండడం చాలా బండ్లలో మామూలే, కానీ ఆయిల్ మడుగు కట్టి ఉండకూడదు. ఇరుసును వేళ్ళతో అటూ ఇటూ కదిపితే రవ్వంత ఆట ఉండవచ్చును. ముందుకూ వెనక్కూ లాగినప్పుడు తెలిసేంత ఆట ఉన్నా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా ఆ టర్బో పని అయిపోయినట్టే. మన ప్రాంతంలో ఎర్రమట్టి దుమ్ము ఎక్కువ కాబట్టి ఎయిర్ ఫిల్టర్ పెట్టెను కూడా తెరిపించండి: ఫిల్టర్ దాటి లోపలి వైపు మట్టి కనిపిస్తే ఆ దుమ్ము టర్బో రెక్కలను ఉలిలా చెక్కి ఉంటుంది.

ఈ పరీక్షలన్నిటికంటే నేను ఎక్కువగా నమ్మేది మీ ఊరి ఘాట్ రోడ్డునే. జయపురం నుంచి కోరాపుట్ వైపు నలుగురిని ఎక్కించుకొని నడపండి. మూడో గేరులో మలుపు దాటి ఎక్కుతున్నప్పుడు, ఇంజన్ సుమారు రెండు వేల చుట్లకు చేరేసరికి వెనుకనుంచి ఎవరో నెట్టినట్టు పికప్ అందుకోవాలి. అది రాకుండా నల్లపొగ వదులుతూ నీరసించితే గొట్టాలు చీలి గాలి పోతుండవచ్చును, లేదా టర్బోయే బలహీనపడి ఉండవచ్చును. సన్నని ఈల సహజం, సైరన్‌లా పెరిగే కూత సహజం కాదు. పైకి చేరాక వెంటనే ఆపకుండా ఒక నిమిషం నడవనివ్వండి. ఎక్కి రాగానే టీ దుకాణం ముందు తాళం తిప్పేసే అలవాటు వల్లనే వేడి టర్బోలో ఆయిల్ మాడి గట్టిపడుతుంది. యజమాని ఆ నిమిషం ఆగుతారో లేదో గమనిస్తే, బండిని ఇన్నాళ్ళు ఎలా నడిపారో మీకే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. టర్బో సీలు పూర్తిగా తెగితే డీజిల్ ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి అదుపు తప్పి అరుస్తుంది, తాళం తీసినా ఆగకపోవచ్చును. అలా జరిగితే బ్రేకును గట్టిగా తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపాలి. ఈ సంగతి మీ అబ్బాయికి కూడా చెప్పి ఉంచండి.

ప్రశ్న: మేము పర్లాకిమిడిలో ఉంటాము. శ్రీకాకుళం జిల్లాలో కారు కొంటే, ఆ ఆంధ్ర నంబరుతోనే ఇక్కడ నడుపుకోవచ్చునా?

జవాబు: పన్నెండు నెలలకు మించి ఒడిశాలోనే ఉంచే పక్షంలో ఇక్కడి నంబరు తీసుకోవలసిందే. అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 ద్వారా అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌వోసీ, యజమాని మార్పిడికి ఫారాలు 29, 30, కారు మీద అప్పు ఉండి ఉంటే అది తీరినట్టు బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 కావాలి. ఇక్కడి పన్ను వేరుగా కట్టవలసి ఉంటుంది, కనుక ఆ మొత్తాన్ని కలుపుకొనే ధర మాట్లాడండి. ఇన్సూరెన్సును మీ పేరుకు మార్చమని కొన్న పద్నాలుగు రోజుల లోపల దరఖాస్తు చేయండి. ఎన్‌వోసీ చేతికి రాకముందు పూర్తి డబ్బు ఇవ్వకండి.