సాకులన్నీ తీసేయ్

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. భాష బాగుంది. మండల రాజకీయాలు దగ్గర నుంచి చూసిన మనిషి రాసిందని మొదటి పేజీలోనే తెలుస్తోంది. మేనమామ పెంచి పెద్ద చేసిన కుర్రాడు అదే మామకు రావాల్సిన జెడ్పీటీసీ టికెట్టు వెనక నుంచి లాగేసుకోవడం, గెలవడం, ఆ తర్వాత కుమిలిపోవడం... ఈ ఇతివృత్తానికి నేను వంక పెట్టను. నాకు నచ్చనివి రెండే చోట్లు. అతను ఎందుకు మోసం చేశాడో నువ్వు చెప్పిన చోటు, ఎలా బాధపడ్డాడో చెప్పిన చోటు. అంటే దాదాపు కథంతా అనుకో.

ఆశ, తప్పు చేశానన్న బాధ, పతనం, ఈ మూడింటినీ ఒక్క కథలో ఎలా ఇమడ్చాలని అడిగావు. షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’ మళ్లీ చదువు. డిగ్రీలో పరీక్ష కోసం చదివే ఉంటావు. ఆ నోట్సు పక్కన పెట్టేసి, ఈసారి ఒక కంసాలి ఇంకో కంసాలి చేసిన నగను తిప్పి వెనకవైపు అతుకులు చూసినట్టు చదువు.

స్కాట్లండ్ రాజు డంకన్‌ను అతని సేనాని మాక్‌బెత్ చంపి గద్దెనెక్కే ఆ కథ షేక్‌స్పియర్ కల్పించింది కాదు. హోలిన్‌షెడ్ అనే ఆయన పేరు మీదున్న చరిత్ర గ్రంథంలోంచి తీసుకున్నాడు. అందులో డంకన్ మెతక రాజు, రాజ్యాన్ని అదుపులో పెట్టలేనివాడు. మాక్‌బెత్‌కు సింహాసనం మీద ఎంతోకొంత హక్కుంది. డంకన్ ఇంకా చిన్నవాడైన తన కొడుకును వారసుడిగా ప్రకటించి ఆ హక్కుకు గండికొట్టాడు. మాక్‌బెత్ ఈ సంగతి తోటి సేనాని బాంక్వోతో సహా నమ్మకమైన స్నేహితులతో మాట్లాడుకుని, వాళ్ల అండతో రాజును చంపాడు. ఆ తర్వాత పదేళ్లపాటు చక్కగా పాలించాడు కూడా. అసలు చరిత్రలోకి వెళ్తే అతను ఇంకా మామూలు మనిషి. 1040లో డంకన్ చనిపోయింది పడకమీద కాదు, పోరులో. మాక్‌బెత్ 1057 దాకా రాజుగా ఉన్నాడు. మధ్యలో 1050లో రోమ్ యాత్ర కూడా చేసొచ్చాడు. రాజ్యం వదిలి అంత దూరం వెళ్లి రాగలిగినవాడికి సింహాసనం గురించి పెద్ద టెన్షన్ ఉందనుకోను.

షేక్‌స్పియర్ ఇందులో ఏం వదిలేశాడో చూడు. డంకన్‌ను వయసు మళ్లిన మంచి రాజును చేశాడు. పదేళ్ల మంచి పాలన తీసిపారేశాడు. హక్కు మాట ఎత్తనే లేదు. బాంక్వోను కుట్రలోంచి తప్పించాడు. దీనికి లౌకికమైన కారణం కూడా ఉందిలే. 1603లో ఇంగ్లండు గద్దెనెక్కిన జేమ్స్ రాజు వంశం బాంక్వో నుంచి వచ్చిందని అప్పట్లో చెప్పుకునేవారు. ఈ నాటకం 1606 ప్రాంతంలో రాసింది. షేక్‌స్పియర్ నాటక బృందానికి పోషకుడు ఆ రాజే. పోషకుడి పూర్వీకుణ్ణి హంతకుణ్ణి చేసి ఎవరు బతికి బట్టకడతారు? కారణం ఏదైనా, ఫలితం మాత్రం కథకు కలిసొచ్చింది. మాక్‌బెత్‌కు భార్య తప్ప తోడుదొంగ ఎవరూ మిగల్లేదు.

ఇక ఏం కలిపాడో చూడు. ఇంటికి అతిథిగా వచ్చిన రాజును చంపడం, భార్య చంపే ఉపాయం చెప్పడం, కాపలావాళ్లకు తాగించడం, ఇవన్నీ అదే గ్రంథంలో వేరే కథలోవి. డఫ్ అనే రాజును డోన్వాల్డ్ అనేవాడు చంపించిన కథ అది. హత్య చేశాక రాత్రిపూట గొంతు వినిపించడం కెనెత్ అనే ఇంకో రాజు కథలోది. నేరం బరువు పెంచేది ఎక్కడ దొరికినా తెచ్చి మాక్‌బెత్ మెడకే కట్టాడు, తగ్గించేది కనబడితే కొట్టేశాడు.

నువ్వు చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. నీ హీరోకు తల్లి ఆపరేషన్ ఉంది, చెల్లెలి పెళ్లి ఉంది, బంతి భోజనాల్లో మామ అందరి ముందూ చెయ్యి చేసుకున్న అవమానం ఉంది. ఇన్ని ఇచ్చాక పాఠకుడు అతని తరఫు వకీలైపోతాడు. ‘పోనీలే పాపం, ఇంకేం చేస్తాడు’ అనుకున్నాక అతను ఎంత ఏడ్చినా ఎవరికి పడుతుంది? మాక్‌బెత్ అలా కాదు. హత్యకు ముందు మొదటి అంకం చివర్లో, తను ఎందుకు చంపకూడదో తనే లెక్క చెప్పుకుంటాడు. ఆయన నాకు బంధువు, నేను ఆయన ప్రజను, పైగా ఇది నా ఇల్లు. హంతకుడు రాకుండా తలుపు మూయాల్సినవాణ్ణి, నేనే కత్తి పట్టుకోవడమేమిటి? మంచి రాజు కూడాను. నన్ను ముందుకు తోసేది నా ఆశ ఒక్కటే, ఇంకేమీ లేదు. ఇదంతా తెలిసే చేశాడు. తల్లి ఆపరేషన్, చెల్లెలి పెళ్లి తీసెయ్. ఆ చెంపదెబ్బ కూడా తీసెయ్. మామ చివరిదాకా ప్రేమగానే ఉండనీ.

మొదట్లో మాక్‌బెత్‌కు ఎదురై జోస్యం చెప్పే మంత్రగత్తెల సంగతేమిటంటావా? వాళ్లు ‘చంపు’ అని ఎక్కడా అనరు. ‘రాజువవుతావు’ అంటారు, అంతే. ఆ మాట వినగానే మాక్‌బెత్ ఉలిక్కిపడతాడు. ఇంత మంచి మాటకు భయపడతావేమిటని పక్కనున్న బాంక్వో అడుగుతాడు. హత్య ఆలోచన అతనికి ఎప్పుడొచ్చిందో షేక్‌స్పియర్ చెప్పడు. మనకా ఉలికిపాటు ఒక్కటే ఇస్తాడు. తప్పు చేశానన్న బాధ తప్పు తర్వాతే మొదలవ్వాలని ఎవరు చెప్పారు నీకు? గాల్లో కత్తి కనబడేది కూడా హత్యకు ముందే కదా.

హత్య మనకు కనబడదు. లోపల ఎక్కడో జరిగిపోతుంది. బయటికొచ్చిన మాక్‌బెత్ ‘ఎంత పాపం చేశాను’ అని గుండెలు బాదుకోడు. పక్కగదిలో ఇద్దరు నిద్రలో కలవరించి దేవుణ్ణి తలుచుకున్నారట. ‘ఆమెన్’ అందామంటే తనకు గొంతులో అడ్డుపడిందట. ఎందుకు అనలేకపోయానని అడుగుతాడు. ఎంత చిన్న విషయం! భార్య విసుక్కుంటుంది. అప్పుడామె కళ్లు అతని చేతుల మీద పడతాయి. కత్తులు అక్కడే వదలకుండా వెంట తెచ్చేశాడు. వెనక్కి తీసుకెళ్లి పెట్టమంటే వెళ్లలేనంటాడు. తనే వెళ్లి పెట్టొచ్చి, కాసిన్ని నీళ్లతో ఇదంతా పోతుందంటుంది. అంతకుముందే, నిద్రలో ఆయన మా నాన్నలా కనబడ్డాడు, లేకపోతే నేనే పని ముగించేదాన్ననే మాట ఆమె నోట దొర్లుతుంది. ఒక్క వాక్యం. దాని మీద షేక్‌స్పియర్ ఒక్క క్షణం కూడా ఆగడు. నువ్వైతే అక్కడ ఆమె బాల్యం ఫ్లాష్‌బ్యాక్ వేసేదానివి.

నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ ఆలుమగల కథ. మొదట్లో ఒకరికొకరు దాచుకోరు. మంత్రగత్తెలు చెప్పింది వినగానే అతను చేసిన పని భార్యకు ఉత్తరం రాయడం. మూడో అంకానికి వచ్చేసరికి ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, అంతా పోగొట్టుకున్నాం, కోరుకున్నది దక్కినా మనశ్శాంతి లేదు అనుకుంటుంది. అంతలో అతను వస్తాడు. వెంటనే ముఖం మార్చుకుని, జరిగిపోయిందేదో జరిగిపోయింది, దాని గురించి ఆలోచించకు అని అతనికే ధైర్యం చెబుతుంది. అతనూ అంతే. బాంక్వోను చంపడానికి అప్పటికే మనుషుల్ని పెట్టాడు, ఆ మాట ఆమెకు చెప్పడు. పని అయ్యాక మెచ్చుకుందువుగాని, అప్పటిదాకా నీకెందుకు అని ముద్దుగా దాటేస్తాడు. పతనం ఇక్కడే మొదలైందని నా ఉద్దేశం, చివరి యుద్ధంలో కాదు. ఆ రాత్రి విందులో బాంక్వో దయ్యం కనబడుతుంది. అతిథుల ముందు ఆమె ఎలాగో సర్దుకొస్తుంది. ఆ సీను తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ రంగస్థలం మీద కలిసి కనబడరు. నమ్మకపోతే పేజీలు తిరగేసి చూసుకో.

అక్కణ్ణుంచి అతనిలో బాధ ఎండిపోతూ వస్తుంది. తనకు ఎదురు తిరిగిన మాక్‌డఫ్ అనే ప్రభువు భార్యనూ పిల్లల్నీ చంపిస్తాడు, దానివల్ల ఒరిగేది కూడా ఏమీ లేదు. ఈసారి గాల్లో కత్తి కనబడదు, ఆమెన్ గొంతుకు అడ్డం పడదు. అతను వదిలేసిందంతా ఆమె మోస్తుంది. అయిదో అంకం మొదట్లో నిద్రలో నడుస్తూ వస్తుంది. చీకటిని రమ్మని పిలిచిన మనిషి ఇప్పుడు రాత్రంతా పక్కన దీపం ఉండాలంటుంది. కాసిన్ని నీళ్లు చాలన్న మనిషి చేతులు రుద్దుకుంటూనే ఉంటుంది. ఆ సీనులో ఆమెకు పద్యం కూడా ఇవ్వలేదు, తెగిన వచనమే. డంకన్‌ను చంపిన రాత్రీ, బాంక్వో సమాధీ, మాక్‌డఫ్ భార్యా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ముసలాయనలో అంత రక్తం ఉందని ఎవరనుకున్నారంటుంది. చూసి వణికిపోయేది పక్కనున్న వైద్యుడూ పరిచారికా. ఆమె చనిపోయిందన్న కబురు వచ్చేసరికి మాక్‌బెత్‌కు ఏడుపు రాదు. అంతకు ముందే ఆడవాళ్ల రోదన విని, భయం రుచే మర్చిపోయానంటాడు. ఇంకెప్పుడైనా పోవాల్సింది, అంటాడు భార్య గురించి. ఆ తర్వాత మాక్‌డఫ్ వచ్చి తల నరకడం కథ లెక్క తేల్చడానికి, అంతే.

నీ చివరి పేజీన్నర వర్షం, అద్దం, ‘ఛీ, నేనూ ఒక మనిషినేనా’ అన్న స్వగతం మొత్తం కొట్టేయమంటున్నాను. కోపం తెచ్చుకోకు. దాని బదులు అతను చెయ్యలేని చిన్న పని ఒకటి వెతుకు. నాకు తోచింది చెబుతాను, నచ్చకపోతే వదిలెయ్. గెలిచిన రోజు సన్మానానికి మామే వచ్చి శాలువా కప్పాడనుకో. ఇతనికి ‘మామయ్యా’ అన్న పిలుపు నోట రాలేదు. మైకులో ‘పెద్దలు, గౌరవనీయులు’ అని ఏదో అనేసి కూర్చున్నాడు. కారణం నువ్వు చెప్పకు.

ఇంకో మాట. నాటకంలో రాజు హత్య రెండో అంకం మొదట్లోనే అయిపోతుంది. నీ కథలో మోసం ముప్పావు వంతు గడిచాక జరుగుతోంది. ముందుకు జరుపు. నీ అసలు కథ దాని తర్వాతది. అతని భార్య నీ కథలో రెండుసార్లు కాఫీ తేవడానికే వచ్చింది. టికెట్టు విషయం అతను ఆమెకు ముందే చెప్పాడా? చెబితే ఏమంది? చెప్పకపోతే ఆమెకు ఎప్పుడు తెలిసింది, తెలిసినట్టు అతనికి తెలియనిచ్చిందా? ఇవి తేల్చుకోకుండా రెండో డ్రాఫ్టు మొదలుపెట్టకు.

తిరగరాశాక పంపు. ఈసారి ప్రింటు తీసేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్లద్దాల నంబరు మారింది. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.