వయసు మళ్లిన కండరాలకు ప్రొటీన్ పొడి చాలుతుందా?

ప్రశ్న: మా అమ్మగారికి 72 ఏళ్లు, బరువు 50 కిలోలు, శాకాహారి. ఏడాదిగా కాళ్లూ చేతులూ సన్నబడుతున్నాయి. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించవలసి వస్తోంది. అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు ప్రొటీన్ పొడి డబ్బా తెచ్చి ఇచ్చాడు. అది తాగితే కిడ్నీలు పాడవుతాయని ఇరుగుపొరుగు వారు భయపెడుతున్నారు. వాడవచ్చా? ఈ వయసులో వ్యాయామం చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వ్యాయామం గురించి చివర్లో అడిగారు గానీ, ముందు తేల్చుకోవలసింది అదే. సగటు వయసు 87 ఏళ్లున్న, బాగా నీరసించిన వంద మంది వృద్ధాశ్రమవాసులపై బోస్టన్‌లో జరిగిన ఒక పరిశోధన 1994లో వెలువడింది. పది వారాల పాటు బరువులతో కాళ్లకు వ్యాయామం చేసినవారి కండబలం సగటున రెట్టింపు దాటింది, నడక వేగమూ పెరిగింది. వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే తాగినవారి బలంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వయసు మళ్లిన కండరం ఆహారంలోని ప్రొటీన్‌ను పడుచు వయసులో వాడుకున్నంత చురుగ్గా వాడుకోదు, శ్రమ పడ్డ కండరం మాత్రం మెరుగ్గా వాడుకుంటుంది.

అందుచేత రోజూ నడిపించడంతో సరిపెట్టుకోకండి. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన మీరు నిలబడి, వీలైనంత వరకు చేతుల సాయం లేకుండా లేచి, మెల్లగా కూర్చోమనండి. మొదట్లో కష్టమైతే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. ఎనిమిది పది సార్లు చేశాక కాస్త ఆగి మళ్లీ చేయించండి. గోడను రెండు చేతులతో నెట్టడం, కుర్చీ వీపు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం కూడా చేర్చండి. వారానికి రెండు మూడు రోజులు చాలు, కానీ తేలికైపోయినప్పుడల్లా వ్యాయామంలో శ్రమ కొంచెం పెంచాలి. ఊపిరి బిగబట్టకూడదు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే డాక్టరు అనుమతి తప్పనిసరి.

ఇక ఆహారం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫారసు చేసింది. వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాములు మేలని పలువురు నిపుణుల అభిప్రాయం. అంటే మీ అమ్మగారికి 50 నుంచి 60 గ్రాములు. మన ఇళ్లలో మధ్యాహ్నం పప్పు ఉన్నా, పొద్దున ఇడ్లీ, రాత్రి చారన్నం దగ్గరే లోటు పడుతుంది. ఇడ్లీకి బదులు పెసరట్టు, సాయంత్రం ఉడికించిన సెనగలు, రాత్రి గిన్నెడు గట్టి పెరుగు పెట్టండి. 30 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లోనే దాదాపు 15 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

పళ్లు లేకో, ఆకలి లేకో ఇంత తినలేకపోతే అప్పుడు పాలలో పొడి కలిపి ఇవ్వవచ్చు. డబ్బా మీద చక్కెర ఎంతో చూడండి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలను ఈ మోతాదు పాడు చేస్తుందనడానికి ఆధారం లేదు. అయితే మధుమేహం, బీపీ ఉన్నవారిలో కిడ్నీ జబ్బు బయటపడకుండానే ముదురుతుంది కాబట్టి, మొదలుపెట్టే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్ర పరీక్ష చేయించండి. తేడా ఉంటే ప్రొటీన్ ఎంతన్నది డాక్టరే నిర్ణయించాలి.

ఈ ఏడాదిలో ఆమె బరువు కూడా కారణం లేకుండా తగ్గి ఉంటే, వీటన్నిటికంటే ముందు ఫిజీషియన్‌కు చూపించి షుగర్, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించండి.