'మాయాబజార్ చూసిన' అంటే తప్పా?

ప్రశ్న: ఈమధ్య పాత సినిమాలు ఒక్కొక్కటి చూస్తున్న. 'మాయాబజార్ మళ్ల చూసిన, ఎస్వీఆర్ మస్తు చేసిండు, మల్లీశ్వరి మాత్రం ఇంకా చూడలే' అని దోస్తులకు ఫోన్ల రాసి పంపితే ఒకాయన 'చూసిన' అనేది సగం మాట, అక్కడ వాక్యం ఆగదు, 'చూశాను' 'చేశాడు' అని రాయాలె అన్నడు. నిజమేనా? (ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: కాదండీ, మీరు రాసింది నిండు వాక్యమే. మన నల్లగొండ, పాలమూరు దిక్కు నేను చూసిన, నువ్వు చూసినవ్, ఆయన చూసిండు, మేం చూసినం, వాళ్లు చూసిన్రు అంటం కదా, ఎవలకు వాళ్ల రూపం వేరే ఉన్నది కాబట్టి 'నేను' అని రాయకున్నా చూసింది మీరేనని తెలిసిపోతది.

ఇంక 'చేసిండు' సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైన ముచ్చట. పాత పుస్తకాలల్ల 'చేసినాఁడు' అని అరసున్న పెట్టి రాసేటోళ్లు, ఎందుకంటే 'వాఁడు' ఒకప్పుడు 'వాండు'. కోస్తా దిక్కు ఆ సున్న పోయి 'చేశాడు' అయింది, మన నోట్ల అదే సున్న నిండుగ నిలబడి 'చేసిండు' అయింది. రెండూ ఒక్క తల్లి పిల్లలే, అండ్ల ఒకటి శుద్ధం ఇంకోటి మోటు అనడానికి వ్యాకరణంల ఏ ఆధారం లేదు. అట్లనే 'చూచినాను' అక్కడ 'చూశాను', మన దగ్గర 'చూసిన', కర్నూలు దిక్కు పోతే 'చూసినాను' ఇప్పటికీ వినబడుతది.

మరి మీ దోస్తుకు అట్లెందుకు అనిపించిందంటే, మీరు చూస్తున్న సినిమాలే ఒక కారణం. మల్లీశ్వరి (1951)కి కృష్ణశాస్త్రి, మిస్సమ్మ (1955)కు చక్రపాణి, మాయాబజార్ (1957)కు పింగళి మాటలు రాసిన్రు, ముగ్గురూ కోస్తా ఆంధ్ర దిక్కోళ్లే, ఎంత అందంగ రాసిన్రో మీకు నేను చెప్పక్కర్లే, తరాల తరబడి ఆ మాటలు విని విని మంచి తెలుగంటే అదొక్కటే అని మనమే అనుకున్నం. మాయాబజార్‌ల రాక్షసులు 'తసమదీయులు' అంటే ఘటోత్కచుడు కొత్త మాట పుట్టిందని మెచ్చుకుంటడు కదా, మీ 'చూసిన' అట్ల పుట్టించింది కూడా కాదు, తాతల నాటి నుంచి వస్తున్నదే. మా భూమి చూడకపోతే తప్పకుండ చూడుండ్రి, కథ మన నల్లగొండ పల్లెదే, మన మాట తెర మీద ఎట్లుంటదో తెలుస్తది.

'చూడలే' కూడా సరైనదే, 'చూడలేదు' చివర అరిగింది, అంతే.

ఒక్క దగ్గర మాత్రం పైలం. 'చూసిన' తర్వాత పేరొస్తే అది దానికి అతుక్కుంటది, 'నేను చూసిన సినిమా' అన్నట్టు. 'మిస్సమ్మ చూసిన సావిత్రి మస్తు చేసింది' అని ఒక్క తీరుగ రాసుకుంటపోతే మిస్సమ్మ చూసింది సావిత్రి అయిపోతది! మాట్లాడేటప్పుడు అక్కడ గొంతు ఆగుతది కాబట్టి ఇబ్బంది లేదు, రాసేటప్పుడు 'చూసిన' పక్కన చుక్క పెట్టుండ్రి, 'చూశాను' అని మార్చే పని లేదు.