ప్రైమ్ నంబర్ల వెంట పడ్డ అబ్బాయి ఏం చదవాలి?

అమ్మా, మీ మెసేజ్ చదివాను. బాబు డిగ్రీ ఫస్ట్ ఇయర్, రాత్రంతా కంప్యూటర్ ఆన్ చేసి పెట్టి ఎంతోమంది తమ కంప్యూటర్లు కలిపి నడిపే జింప్స్ ప్రాజెక్టు కోసం పెద్ద ప్రైమ్ నంబర్లు వెతికిస్తున్నాడు, దీంతో ఉద్యోగం వస్తుందా అని అడిగారు.

ప్రైమ్ దొరికినంత మాత్రాన ఉద్యోగం రాదమ్మా. ఇప్పటికి తెలిసినవాటిలో అన్నిటికన్నా పెద్దది 2024 అక్టోబర్‌లో బయటపడింది, 2 ఘాతం 136279841 లోంచి 1 తీసేస్తే వచ్చే నంబర్, మొత్తం 4,10,24,320 అంకెలు. దాన్ని పట్టుకున్న ల్యూక్ డ్యూరంట్ అప్పటికే ఎన్విడియాలో పనిచేసొచ్చిన ఇంజినీర్, అంటే ముందు పని నేర్చుకున్నాడు, ప్రైమ్ ఆ తర్వాత దొరికింది. ఇలాంటి నంబర్ ఆన్‌లైన్ సెక్యూరిటీకి పనికొస్తుందని చాలామంది అనుకుంటారు గానీ అదీ లేదు, సమాచారాన్ని రహస్యంగా దాచే పద్ధతైన ఆర్‌ఎస్‌ఏకి కొన్ని వందల అంకెల ప్రైమ్‌లు చాలు, పైగా అవి ఎవరికీ తెలియకూడదు.

అలాగని ఆపించొద్దు. ఆ ప్రోగ్రామ్ ఎలా తేలుస్తుందో బాబుకి తెలుసా అన్నదే అసలు విషయం. ఇలా 2 ఘాతంలోంచి 1 తీసేసిన నంబర్ ప్రైమేనని చివరికి ఖాయం చేసేది లూకాస్ లేమర్ టెస్ట్, ఉదాహరణకి 31 తీసుకోండి, అది 2 ఘాతం 5 మైనస్ 1. 4తో మొదలుపెట్టి వర్గం చేసి 2 తీసేస్తే 14, మళ్లీ అలాగే చేస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8, 8 వర్గంలోంచి 2 తీస్తే 62, శేషం సున్నా. మూడో స్టెప్‌లో, అంటే 5లోంచి 2 తీసేసిన స్టెప్‌లో సున్నా వచ్చింది కాబట్టి 31 ప్రైమ్. 2 ఘాతం 11 మైనస్ 1కి మాత్రం అలా సున్నా రాదు, ఎందుకంటే అది ప్రైమ్ కాదు, 2047 అంటే 23 ఇంటూ 89, ఆ రెండిట్లో దేన్ని 22తో, అంటే 11కి రెట్టింపుతో, భాగించినా శేషం 1 వస్తుంది చూడండి, అది ఊరికే అలా కలిసిరాలేదు, దానికో నిరూపణ ఉంది.

ఎందుకలా అని కూర్చుని ఆలోచిస్తే మ్యాథ్స్‌లోనే పీజీ, తర్వాత రీసెర్చ్, నంబర్ థియరీ వాడి దారి. కోట్ల అంకెల నంబర్ని అంత స్పీడుగా ఎలా వర్గం చేస్తున్నారు అని, పెద్ద గుణకారాలు త్వరగా చేసే ఎఫ్‌ఎఫ్‌టీ పద్ధతి, ఒకేసారి బోలెడు లెక్కలు చేసే జీపీయూ చిప్‌ల వైపు పోతే కంప్యూటర్ సైన్స్, నా లెక్కలో ఉద్యోగాలు ఎక్కువున్న దారి ఇదే. సీక్రెట్ కోడ్‌ల మీద మనసుంటే క్రిప్టోగ్రఫీ, దానికి ఈ రెండూ కావాలి. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగర్వాల్‌తో కలిసి ఏ నంబర్ అయినా ప్రైమో కాదో పాలినోమియల్ టైమ్‌లో, అంటే అంకెలు పెరిగినా టైమ్ మరీ విపరీతంగా పెరిగిపోకుండా, తేల్చే పద్ధతి కనిపెట్టిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ పూర్తిచేసిన కుర్రాళ్లు, కాబట్టి వయసు చిన్నదని తీసిపారేయకండి.

ఈ సెమిస్టర్‌కి ఒక్క పని చెప్పండి, రెడీమేడ్ ప్రోగ్రామ్ పక్కన పెట్టి ఆ టెస్ట్‌ని పైథాన్‌లో సొంతంగా రాయమనండి, ఘాతం 521, 607 పెడితే సున్నా రావాలి, ఆ మధ్యలో ఇంకే ప్రైమ్ ఘాతం పెట్టినా రాకూడదు. క్లాసులు మాత్రం ఎగ్గొట్టకూడదు, లీనియర్ ఆల్జీబ్రా, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా పేపర్లు ఏ దారికైనా కావాల్సిందే. రాసేటప్పుడు వాడు ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోయాడో, నిరూపణ దగ్గరా స్పీడు దగ్గరా, అది గమనించి నాకు రాయండి, కోర్సులు, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.