హాలోవీన్‌కి ఏ కామిక్స్ చదవొచ్చు? కొత్తగా వచ్చినవాటిలో ఏవి కొనొచ్చు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. సినిమాల్లో బ్యాట్‌మ్యాన్‌ని చూశారు గానీ కామిక్స్ ఎప్పుడూ పట్టుకోలేదు, హాలోవీన్ వాసన ఉన్నవి ఏవి? కొత్తవాటిలో డబ్బు పెట్టదగ్గవి ఏవి? రెండోదాంట్లో నేను చెయ్యి కాల్చుకున్నాను కాబట్టి ముందు అదే చెప్తాను.

ఒహాయో వచ్చిన మొదటి అక్టోబరు అది. అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారం వస్తాయని ఆఫీసులో ఎవరో చెబితే సాయంత్రం దార్లో ఉన్న షాపుకి వెళ్లాను. ఒక గోడంతా కొత్తవే. గుమ్మడికాయలు, అస్థిపంజరాలు, మంత్రగత్తెలు. అట్టలు చూసి మూడు ఏరుకున్నాను. ఇంటికొచ్చి తెరిస్తే మూడింట్లో రెండు ఒకటే! అట్ట మాత్రం వేరు. దాన్ని వేరియంట్ కవర్ అంటారు. ఒకే సంచికని నాలుగైదు రకాల అట్టలతో అమ్ముతారు, సేకరించేవాళ్ల కోసం. మూడోది ఏదో కథలో ముప్పై నాలుగో ఇష్యూ. ఎవరు ఎవర్ని ఎందుకు తంతున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. "చదివిందే మళ్లీ చదవడానికి రెండు తెచ్చారేంటండీ?" అని మా ఆవిడ ఇప్పటికీ అక్టోబరు రాగానే గుర్తుచేస్తుంది.

విడి ఇష్యూ అంటే ఇరవై చిల్లర పేజీలు, నాలుగైదు డాలర్లు, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. ఐదారు ఇష్యూలు కలిపి తర్వాత పుస్తకంగా వేస్తారు, దాన్ని ట్రేడ్ అంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కొనాల్సింది ట్రేడే. షాపులో "నెంబర్ వన్" అని కనిపించినంత మాత్రాన కథ అక్కడే మొదలవుతుందని కూడా అనుకోకండి.

మీకు బ్యాట్‌మ్యాన్ తెలుసు కాబట్టి మొదటి పుస్తకం గురించి తడుముకోవాల్సిన పనే లేదు. "ది లాంగ్ హాలోవీన్". రాసింది జెఫ్ లోబ్, బొమ్మలు టిమ్ సేల్. 1996, 97ల్లో 13 ఇష్యూలుగా వచ్చింది. హాలోవీన్ రాత్రి ఒక హత్య. మరుసటి నెల థాంక్స్ గివింగ్‌కి ఇంకోటి. క్రిస్మస్, న్యూ ఇయర్, వాలెంటైన్స్ డే, మదర్స్ డే, ఇలా నెలకో పండుగ, దాదాపు పండుగకో శవం, తిరిగి హాలోవీన్ దాకా. పాయింట్ టూటూ పిస్తోలు, చప్పుడు రాకుండా దాని మూతికి పాలసీసా పీక. చంపినచోట ఆ పండుగకి సంబంధించిన వస్తువొకటి వదిలిపెడతాడు. చంపేది ఎవరో తేల్చడానికి ముగ్గురు ఒట్టు పెట్టుకుంటారు: బ్యాట్‌మ్యాన్, పోలీసు గోర్డన్, ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్. హార్వీ చివరికి ఏమవుతాడో సినిమా చూసిన మీకు తెలుసు. తెలిసి కూడా పేజీ పేజీకీ "వద్దు, అటు వెళ్లకు" అనిపించడమే ఈ పుస్తకం గొప్ప.

టిమ్ సేల్‌కి రంగులు సరిగా కనిపించవు, కలర్ బ్లైండ్. అందుకని ఆయన అంతా నలుపు తెలుపుల్లోనే ఆలోచించి గీస్తే, రంగులు గ్రెగరీ రైట్ వేశారు. ఆ సంగతి తెలిశాక మళ్లీ తిరగేస్తే నాకు పుస్తకమే వేరేగా కనబడింది. నల్లటి ముద్దలా పరుచుకున్న నీడ, అందులో ఒక్క కిటికీ వెలుతురు, ఒక్క మొహం సగం. హత్య జరిగే పేజీల్లో రంగులు దాదాపు మాయమైపోతాయి. అర్ధరాత్రి కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపుల్ల వెలిగించినప్పుడు ఎంత కనిపిస్తుందో అంతే చూపిస్తాడు.

దానికి కొత్తగా వచ్చిన కొనసాగింపు "ది లాస్ట్ హాలోవీన్", 2024 సెప్టెంబరులో మొదలైంది, పది ఇష్యూలు. టిమ్ సేల్ 2022 జూన్‌లో పోయారు. అందుకని ఒక్కో ఇష్యూకి ఒక్కో చిత్రకారుడు గీశారు, మొదటిది ఎడ్వార్డో రిస్సో. నాకు నచ్చిందా అంటే, సగం. బొమ్మలు చూసి మురిసిపోయాను, కథ మాత్రం పాత ఇంటికి వేసిన కొత్త వరండాలా అనిపించింది. పాతది చదవకుండా దీని జోలికి పోకండి.

ఇక అసలు భయం సంగతి. సినిమాలో భయం మన చేతిలో ఉండదు. దానంతటదే మీదికొస్తుంది, మహా అయితే కళ్లు మూసుకుంటాం. కామిక్‌లో అలా కాదు. అవతలి పేజీలో ఏదో ఉందని తెలుసు, తిప్పాల్సింది మన వేలే. నాకు ఇది అర్థమైంది మాంగా, అంటే జపాన్ కామిక్స్, రచయిత జుంజి ఇటో దగ్గర. ఆయన "ఉజుమాకి" అందరూ చెప్తారు, ఒక ఊరికి సుడి ఆకారం పిచ్చిలా పట్టుకోవడం. నేను చెప్పేది చిన్న కథ, "ది ఎనిగ్మా ఆఫ్ అమిగారా ఫాల్ట్". "గ్యో" అనే పుస్తకం చివర్లో ఉంటుంది. భూకంపం వచ్చి ఒక కొండ చీలితే, ఆ రాతిగోడ నిండా మనుషుల ఆకారంలో కన్నాలు బయటపడతాయి. ఎవరి కన్నం వాళ్లకి తెలిసిపోతుంది. "ఇది నాదే, నాకోసమే తవ్వారు" అంటారు. అంతే, ఇంతకంటే చెప్పను. కుడి నుంచి ఎడమకి చదవాలని తెలియక నేను మొదట ఎడమవైపు నుంచి తెరిచి, చివరి పేజీలో బొమ్మ ముందే చూసేశాను. కథ చెడిపోయింది కదా అనుకున్నాను. లేదు. ఏం రాబోతోందో తెలిసి ఒక్కో పేజీ తిప్పడం ఇంకా ఘోరం.

అందుకే ఇలాంటివి ఫోన్‌లో చదవొద్దంటాను. ఫోన్ ఒక్కో గడినీ పెద్దది చేసి చూపిస్తుంది, తిప్పబోయే ముందు వేలు ఆగే ఆ క్షణం పోతుంది. దీనికి నాకు తెలిసిన ఒకే మినహాయింపు కెనడా ఆవిడ ఎమిలీ క్యారల్ వేసిన "హిజ్ ఫేస్ ఆల్ రెడ్". 2010 హాలోవీన్‌కి నెట్‌లోనే పెట్టారు, ఉచితం. అన్నదమ్ముల కథ. అన్నని చంపేశానని తమ్ముడు మొదట్లోనే ఒప్పేసుకుంటాడు, అయినా ఊళ్లోకి అన్న నవ్వుతూ నడిచొస్తాడు. కిందికి జరుపుకుంటూ చదవడానికే గీసిన కథ కాబట్టి, బావిలోకి దిగుతున్నట్టే ఉంటుంది. అది నచ్చితే 2014లో వచ్చిన ఆవిడ పుస్తకం "త్రూ ది వుడ్స్" కొనండి, అందులో ఐదు కథలుంటాయి.

చిన్నప్పుడు హైదరాబాద్‌లో పెరిగినవాళ్లయితే ఆర్చీ డైజెస్టులు గుర్తుండే ఉంటాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కుప్పలో కూర్చుని, అట్ట ఊడినవి బేరమాడి తెచ్చుకునేవాళ్లం. ఆర్చీకి సరైన జోడీ బెట్టీనా వెరోనికానా అని మా అన్నయ్యా నేనూ కొట్టుకునేవాళ్లం. ఆ ప్రేమతో ఇక్కడ "ఆఫ్టర్‌లైఫ్ విత్ ఆర్చీ" అనే ట్రేడ్ కనిపిస్తే, లోపల చూడకుండా, మా అమ్మాయికి కూడా పనికొస్తుందని కొన్నాను. అప్పుడు దానికి ఏడేళ్లు. అదృష్టం బాగుండి ముందు నేనే చదివాను. ఆర్చీ స్నేహితుడు జగ్‌హెడ్ పెంచుకునే కుక్క, పేరు హాట్ డాగ్, కారు కింద పడి చచ్చిపోతుంది. వాడు శవాన్ని చేతుల్లో మోసుకుంటూ ఏడుస్తూ, మంత్రాలు తెలిసిన సబ్రీనా ఇంటి తలుపు కొడతాడు. ఆ పిల్ల జాలిపడి, చేయకూడని మంత్రం చదువుతుంది. కుక్క లేస్తుంది, కానీ లేచింది ఆ కుక్క కాదు. అది జగ్‌హెడ్‌ని కరుస్తుంది. సరిగ్గా స్కూల్లో హాలోవీన్ డ్యాన్స్ రాత్రి వాడు ఆ వాలకంతో లోపలికొస్తే, అందరూ "వేషం భలే ఉందిరా" అనుకుంటారు. ఫ్రాంచెస్కో ఫ్రాంకావిల్లా బొమ్మలన్నీ నారింజ, నలుపు. నాలుగో ఇష్యూలో ఆర్చీ కుక్క వేగాస్ చేసే పని దగ్గర నేను కళ్లు తుడుచుకున్నాను, ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. 2013లో మొదలై పదో ఇష్యూ దగ్గర 2016లో ఆగిపోయింది. ముగింపు లేదని తెలిసే కొనండి. పుస్తకం మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో పై అరలోనే ఉంది.

ఇలాంటివి రాయడానికి ఒకప్పుడు వీల్లేకుండా పోయింది, ఆ కథ కూడా తెలిస్తే చదవడంలో మజా పెరుగుతుంది. 1950లో ఈసీ అనే కంపెనీ "టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్" లాంటివి మొదలుపెట్టింది. పిల్లలు చెడిపోతున్నారని గోల లేచి, 1954 ఏప్రిల్‌లో సెనేట్ కమిటీ విచారణ పెట్టింది. కంపెనీ యజమాని విలియం గెయిన్స్ స్వయంగా వెళ్లి కూర్చున్నాడు. ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో ఆడమనిషి తల పట్టుకున్నవాడి అట్ట చూపించి, ఇది సభ్యతగానే ఉందా అని సెనేటర్ అడిగాడు. ఉందన్నాడు ఈయన, భయానక కామిక్ అట్టకి ఉండాల్సినంత ఉందన్నాడు. తల ఇంకాస్త పైకెత్తి, మెడలోంచి రక్తం కారుతూ కనిపిస్తే అసభ్యంగా ఉండేదట! ఆ సమాధానంతో గెయిన్స్ పని అయిపోయింది. అదే ఏడాది వచ్చిన కామిక్స్ కోడ్ అనే నియమావళి, పత్రిక పేరులో "హారర్", "టెర్రర్" అనే మాటలు కూడా వద్దంది, రక్తపిశాచాలూ జాంబీలూ నిషేధం. రక్తపిశాచాల సంగతి 1971లో గానీ సడలించలేదు.

ఆ పాత కథలు ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతాయి. మనకి వాటిలో సుఖం ఏంటంటే, కథ చెప్పే పద్ధతి పరిచయమైనదే. క్రిప్ట్ కీపర్ అనే ముసలాడు ముందుకొచ్చి, వెటకారాలాడుతూ కథ మొదలుపెడతాడు, చివర్లో మళ్లీ వచ్చి ఇంకో మాట అంటాడు. చందమామ చదివినవాళ్లకి వేరే చెప్పాలా? శంకర్ గారి బొమ్మలో కత్తి పట్టి నడిచే విక్రమార్కుడు, భుజం మీద వేలాడే శవం, అందులోంచి మాట్లాడే బేతాళుడు. కాకపోతే బేతాళుడు చివర్లో చిక్కు ప్రశ్న వేసి సమాధానం చెప్పమంటాడు, క్రిప్ట్ కీపర్ పళ్లికిలిస్తాడు, అంతే. ఓనీ ప్రెస్ వాళ్లు 2024లో ఈసీ పేరుని మళ్లీ బతికించారు. జులైలో వచ్చిన "ఎపిటాఫ్స్ ఫ్రమ్ ది అబిస్" భయానకం. ఒక్కో ఇష్యూలో విడి విడి చిన్న కథలు కాబట్టి, కొత్తవాటిలో నేను మొహమాటం లేకుండా విడి ఇష్యూగా కొనమనేది ఇదొక్కటే. అన్నీ ఒక స్థాయిలో ఉండవు, అది పాతవాటికీ ఉన్న జబ్బే.

కొత్తవాటిలో ఇంకోటి, 2024 అక్టోబరులో మొదలైన "యాబ్సొల్యూట్ వండర్ వుమన్". కెల్లీ థాంప్సన్ రచన, హేడెన్ షెర్మన్ బొమ్మలు. ఇందులో డయానా, అంటే వండర్ వుమన్, ద్వీపంలో కాదు, నరకంలో పెరుగుతుంది, పెంచేది మంత్రగత్తె సర్సీ. ఎముకల గుర్రం మీద వస్తుంది. పాత కథ ఏమీ తెలియకపోయినా అర్థమవుతుంది. పిల్లలకి మాత్రమే కనిపించే రాక్షసుల కథ "సమ్‌థింగ్ ఈజ్ కిల్లింగ్ ది చిల్డ్రన్" 2019 నుంచి వస్తోంది, మొదటి ట్రేడ్ బ్రహ్మాండం, తర్వాత సాగదీత మీ ఓపికని బట్టి. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు రాత్రి పడుకునే ముందు చదవకపోవడమే మంచిది.

భయం అసలు వద్దు, అక్టోబరు చల్లదనం చాలు అంటే "పంప్‌కిన్‌హెడ్స్". రెయిన్‌బో రోవెల్, ఫెయిత్ ఎరిన్ హిక్స్, 2019. నెబ్రాస్కాలో గుమ్మడి తోటలో పనిచేసే ఇద్దరు స్నేహితులకి హాలోవీన్ నాడు అక్కడ ఆఖరి డ్యూటీ. ఇద్దరిలో అబ్బాయి మూడేళ్లుగా దూరం నుంచే చూస్తున్న అమ్మాయితో ఇవాళైనా మాట్లాడమని, స్నేహితురాలు డేజా వాణ్ణి తోట అంతా తిప్పుతుంది, దారిపొడుగునా తింటూ. మా అమ్మాయి పదకొండో ఏట చదివి, ఆ శనివారమే గుమ్మడి తోటకి తీసుకెళ్లమంది. అక్కడ ఒక్క గుమ్మడికాయకి చెప్పిన రేటు విని మా ఆవిడ, ఆ డబ్బుకి ఊళ్లో దప్పళం పెట్టి వీధంతా భోజనం పెట్టొచ్చంది.

పాత ఇష్యూలు తవ్వే సరదా పట్టిందా, అప్పుడు వర్మాంట్ రాష్ట్రంలోని రట్లండ్ ఊరు వెతకండి. అక్కడ టామ్ ఫేగన్ అనే కామిక్స్ అభిమాని హాలోవీన్ ఊరేగింపు నడిపేవాడు. రచయితలు సరదాగా వెళ్లి, ఆ ఊరేగింపునే కథల్లో పెట్టేవాళ్లు, 1971 బ్యాట్‌మ్యాన్ 237తో సహా. 1972లో అయితే గెర్రీ కాన్వే, స్టీవ్ ఎంగిల్‌హార్ట్, లెన్ వీన్ ముగ్గురూ కూడబలుక్కుని, పోటీ కంపెనీలైన మార్వెల్, డీసీల మూడు వేర్వేరు పత్రికల్లో ఒకే రాత్రి, ఒకే ఊరు, తమనే పాత్రలుగా పెట్టి రాసేశారు. థోర్ 207, జస్టిస్ లీగ్ 103, అమేజింగ్ అడ్వెంచర్స్ 16. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

నాకైతే హాలోవీన్ సాయంత్రం ప్రతి ఏడాదీ ఒకటే పని. అమ్మాయి స్నేహితులతో మిఠాయిలకి వెళ్తుంది, నేను వరండాలో చాక్లెట్ల గిన్నె ఒళ్లో పెట్టుకుని, టార్చి లైటుతో ఏదో ఒకటి చదువుతుంటాను. పోయిన ఏడాది అమిగారా మళ్లీ పట్టుకున్నాను. ఆఖరి పేజీ తిప్పబోతుంటే మెట్ల మీద ఎవరో నిలబడ్డారు. తల ఎత్తలేదు, వేలు పేజీ కిందే ఉంది. "అంకుల్, చాక్లెట్" అని తెలుగులో వినపడింది. పక్క వీధి పిల్లాడు, తెల్ల దుప్పటికి రెండు కన్నాలు. కన్నాలు సరిగ్గా కళ్ల దగ్గరికి రాలేదు, ఒకటి నుదుటి మీద ఉంది. రెండు గుప్పిళ్లు పోశాను.