హ్యూస్టన్‌లో ‘జోన్ ఎక్స్’ ఇల్లు కొంటుంటే ఫ్లడ్ ఇన్సూరెన్స్ అక్కర్లేదా?

తీసుకోండి. జోన్ ఎక్స్ అంటే ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాప్‌లో ముప్పు తక్కువని చూపే ప్రాంతం. అక్కర్లేదన్న మీ ఏజెంట్ అబద్ధమేమీ చెప్పలేదు. జోన్ ఎక్స్ ఇంటికి ఫ్లడ్ పాలసీ ఉండాలని లోన్ ఇచ్చేవాళ్లు సాధారణంగా పట్టుబట్టరు. అంతమాత్రాన నీళ్లు రావని కాదు.

మీరు చూస్తున్న ఇల్లు కేటీ (హ్యూస్టన్ పడమటి శివారు) వైపు, బార్కర్ రిజర్వాయర్‌కి దగ్గర అన్నారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు మేం అటువైపే ఉన్నాం. ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లను 1940ల్లో ఆర్మీ ఇంజనీర్లు కట్టింది దిగువనున్న హ్యూస్టన్‌ని కాపాడటానికి. మామూలు రోజుల్లో అవి పార్కుల్లా ఉంటాయి. పూర్తిగా నిండితే నీళ్లు వెనక్కి ఎంతదాకా పాకుతాయో అంత భూమినీ ప్రభుత్వం కొనలేదు. కొనని భాగంలో తర్వాత ఇళ్లు లేచాయి. మన దగ్గర ముంపు గ్రామాలు అంటామే, ఇవి ముంపు కాలనీలు! అయినా వాటిలో చాలా ఇళ్లు ఫెమా మ్యాప్‌లో వందేళ్ల వరద గీతకి బయటే ఉన్నాయి. ఆ మ్యాప్ వాగులు పొంగడం చూస్తుంది తప్ప రిజర్వాయర్ వెనక్కి తన్నడాన్ని పెద్దగా పట్టించుకోదు. మా వీధిలోకి నీళ్లొచ్చింది అలాగే. వాన తెరిపిచ్చాక కూడా మట్టం పెరుగుతూనే ఉంది, వచ్చిన నీళ్లు ఒక పట్టాన పోలేదు.

మాకు ఎన్‌ఎఫ్‌ఐపీ (ప్రభుత్వ వరద బీమా పథకం) పాలసీ ఉంది. అందులో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000. సామాను కవరేజీ విడిగా అడిగి తీసుకోవాలి. తడిసిన షీట్‌రాక్ (గోడ పలకలు), ఫ్లోరింగ్, కిచెన్ క్యాబినెట్ల డబ్బు బాగానే వచ్చింది. సామానుకి మాత్రం పాతబడిన విలువే కట్టిస్తారు. పట్టుచీరకి తరుగు తీయడమేంటని మా అమ్మ నష్టం లెక్కకట్టే అడ్జస్టర్‌తో చాలాసేపు వాదించింది, లాభం లేకపోయింది. అసలు దెబ్బ అద్దె. బయట ఉన్నన్నాళ్ల ఖర్చు ఈ పాలసీ ఇవ్వదు. అద్దె, మార్ట్‌గేజ్ రెండూ కట్టుకోవాలి. ఆ ఖర్చు కోసం కొంత డబ్బు పక్కన పెట్టుకోండి, లేదా అద్దె కూడా ఇచ్చే ప్రైవేట్ ఫ్లడ్ పాలసీలు చూడండి. పాలసీ లేని మా పక్కింటివాళ్లు రిటైర్మెంట్ డబ్బు తీసి గోడలు కట్టించుకున్నారు. ఎగువన మునిగిన ఇళ్లకి ప్రభుత్వమే బాధ్యత వహించాలని 2019 డిసెంబరులో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది కానీ, కోర్టు డబ్బుని నమ్ముకుని ఇల్లు కొనలేం.

నా అభిప్రాయంలో తప్పంతా ఆ గీతదే. గీతకి లోపల ఉంటే లోన్‌కి పాలసీ తప్పనిసరి, బయట ఉంటే మీ ఇష్టం. ‘వందేళ్ల వరద’ అంటే ఏటా ఒక శాతం అవకాశం. ముప్పై ఏళ్ల లోన్ తీరేలోపు లెక్కేస్తే అది దాదాపు 26 శాతం. 2021లో తెచ్చిన కొత్త రేటింగ్‌లో ప్రీమియం లెక్కకి జోన్ బదులు ఇంటి ఎత్తు, నీటికి దూరం, కట్టుబడి ఖర్చు చూస్తున్నారు. ఇది మంచి మార్పే. తప్పనిసరి నిబంధన మాత్రం ఇంకా పాత గీతనే పట్టుకుంది. రిజర్వాయర్ ముంపులో ఉన్న ఇళ్లని కూడా అందులోకి తేవాలి. పదేపదే మునిగే ఇంటిని అదే ఎత్తులో మళ్లీ కట్టించే బదులు, యజమాని ఒప్పుకుంటే ప్రభుత్వమే కొనేసి ఖాళీగా వదలడం మేలు. హ్యూస్టన్ 2018 నుంచి వరద మైదానాల్లో కొత్త ఇళ్లని 500 ఏళ్ల వరద మట్టానికి రెండడుగుల పైన కట్టమంటోంది. పాత ఇళ్లకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక మీ సంగతి. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో ఇల్లు ముందు మునిగిందా, రిజర్వాయర్ ముంపులో ఉందా అన్నది అమ్మేవాళ్లు రాసివ్వాలి. ఆ కాగితం ఆఫర్ పెట్టకముందే అడగండి. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని కాలనీల ప్లాట్ మ్యాప్ మీద ఇక్కడ నీళ్లు నిలవొచ్చని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, కౌంటీ క్లర్క్ ఆఫీసులో చూడొచ్చు. అమ్మేవాళ్లకి ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ ఉంటే మీ పేరు మీదకి మార్చుకోవచ్చు, ఒక్కోసారి ప్రీమియం తక్కువ పడుతుంది. కొత్తదైతే లోన్ క్లోజింగ్‌తో (సంతకాలై ఇల్లు మీ పేరు మీదకి మారే రోజు) పాటే తీసుకోండి. తర్వాత విడిగా తీసుకుంటే అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది. గల్ఫ్‌లో తుఫాను పేరు వినిపించాక ఫోన్ చేస్తే అప్పటికి పనికిరాదు.